ఎప్పుడూ గెలవాలనుకునే మనుషుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నియాగ్రామ్ అనే వ్యక్తిత్వాల పద్ధతిలో మూడో రకం మనుషుల్ని అచీవర్ అంటారు. మన ఇళ్ళల్లో వాళ్ళకి వేరే పేర్లున్నాయి: క్లాస్ ఫస్ట్, టాపర్, "వాడికేంటండీ, ఎక్కడేసినా పైకొస్తాడు". నేనూ ఆ కోవలోవాణ్ణే. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను, చదువుకునే పిల్లలిద్దరున్నారు. బంధువులు, స్నేహితులు, ఆఫీసులో జూనియర్లు అడిగినవి, నన్ను నేను అడుక్కున్నవి కలిపి రాస్తున్నాను.

అచీవర్ అంటే ఏంటి? బాగా కష్టపడేవాళ్ళందరూ అచీవర్లేనా?

కాదు. కష్టపడేవాళ్ళు అన్ని రకాల్లోనూ ఉంటారు. తెల్లవారుజామున లేచి పాలు పితికి, పొలానికి వెళ్ళి, చీకటి పడ్డాక ఇంటికొచ్చే మనిషిని చూడండి, ఆయనకి పని అంటే పనే, దాన్ని ఎవరు చూశారన్నది ఆయనకి పట్టదు. అచీవర్‌కి పనితో పాటు లోపల ఇంకో లెక్క నడుస్తుంటుంది: దీనివల్ల నలుగురిలో నేనెలా కనిపిస్తున్నాను, నాకంటే ముందెవరున్నారు, ఇంకెంత దూరం. దీని అడుగున ఒక భయం ఉంటుందంటారు, ఏదీ సాధించకపోతే నాకంటూ విలువ ఉండదేమో అని. ఆ భయం చాలామందికి ఇంట్లోనే పుడుతుంది. మార్కులు వచ్చిన రోజు ఇంటి వాతావరణం ఒకలా, రాని రోజు ఇంకోలా ఉంటే ఆరేడేళ్ళ పిల్లకి కూడా సంగతి అర్థమైపోతుంది, ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం. ఎన్నియాగ్రామ్‌లో తొమ్మిది రకాల్ని మూడు గుంపులు చేస్తారు. రెండు, మూడు, నాలుగు రకాలు మనసుకి సంబంధించిన గుంపులో వస్తాయి. మూడోది సరిగ్గా మధ్యలో ఉండి కూడా తన మనసుకే దూరంగా ఉంటుందని చెబుతారు. "నీకేమనిపిస్తోంది?" అని అడగండి, "ఇప్పుడేం చేయాలో ఆలోచిస్తున్నా" అంటాడు. అడిగింది అది కాదని అతనికి తట్టను కూడా తట్టదు.

ఈ ఎన్నియాగ్రామ్ ఎక్కడిది? దీన్ని సైన్సు అనుకోవచ్చా?

అనుకోకండి. తొమ్మిది బిందువుల ఆ గుర్తుని గుర్జీఫ్ అనే ఆధ్యాత్మిక గురువు గత శతాబ్దం మొదట్లో రష్యాలో శిష్యులకి చెప్పాడు. దానికి మనుషుల స్వభావాల్ని జోడించింది బొలీవియాలో పుట్టిన ఆస్కార్ ఇచాజో. ఆయన దగ్గర నేర్చుకున్న చిలీ సైకియాట్రిస్టు క్లాడియో నరాంహో 1970ల మొదట్లో అమెరికాలోని బర్క్‌లీలో చెప్పడం మొదలుపెట్టాక అక్కడి నుంచి అంతటా పాకింది. వ్యక్తిత్వం మీద పరిశోధన చేసేవాళ్ళు ఎక్కువగా నమ్మేది, వాడేది బిగ్ ఫైవ్ అనే వేరే పద్ధతి. కాబట్టి ఎన్నియాగ్రామ్‌ని జాతకంలా పట్టుకుని సంబంధాలు చూడటం, ఉద్యోగాలివ్వడం లాంటివి చేయొద్దు. ఇది జబ్బు పేరు కూడా కాదు.

అయినా నేను దీన్ని వదిలేయకపోవడానికి ఒక కారణం ఉంది. డాన్ రిసో అనే ఆయన 1977లో ఒక్కో రకానికీ తొమ్మిది మెట్లుంటాయని చెప్పాడు: పైన మూడు ఆరోగ్యంగా ఉన్నప్పటివి, మధ్యలో మూడు మామూలువి, కింద మూడు చెడిపోయినప్పటివి. అంటే "నువ్వు ఫలానా రకం" అని ముద్ర వేసి ఊరుకోకుండా, అదే మనిషి ఏ రోజున ఏ మెట్టు మీదున్నాడో చూడమంటుంది. ఈ చూపు నాకు పనికొచ్చింది.

ఆరోగ్యంగా ఉన్న అచీవర్ ఎలా ఉంటారు?

వాళ్ళ పక్కన కూర్చుంటే మనకీ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. పెద్ద తేడా అదే. చెడిపోయిన అచీవర్ పక్కన కూర్చుంటే మనం తక్కువవాళ్ళం అనిపిస్తుంది.

పుల్లెల గోపీచంద్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఆయన్నే తీసుకుంటాను. ఆయన ఏ రకం అని నేను తేల్చడం లేదు, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా ఎవరూ తేల్చకూడదు, చేసిన పనులు మాత్రమే చూద్దాం. మోకాలి గాయాలు దాటుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచారు. ఆ వెంటనే పెద్ద డబ్బుతో కూల్‌డ్రింకు ప్రకటన వస్తే, తాను తాగని దాన్ని ఇంకొకరిని తాగమని చెప్పలేనని వదులుకున్నారు. తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి మరీ గచ్చిబౌలిలో అకాడమీ కట్టుకొచ్చారు. అక్కడ ఆయన దగ్గర తయారైన సైనా 2012లో లండన్‌లో కాంస్యం, సింధు 2016లో రియోలో రజతం తెచ్చారు. తనకి రాని ఒలింపిక్ పతకాన్ని తన దగ్గర నేర్చుకున్న పిల్లల మెడలో చూసి మనస్ఫూర్తిగా సంతోషపడటం మామూలు విషయం కాదు. గెలవాలనే తపన అంతే ఉంది, దాన్ని మోసే భుజం మారింది.

నేను గమనించినంతలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ దగ్గర ఇంకొకటి కూడా ఉంటుంది. ఓడిపోయిన సంగతి అదే రోజు ఇంట్లో చెప్పేస్తారు. "ఇంటర్వ్యూ పోయింది, రెండో రౌండ్‌లో నాకు జవాబు తెలియలేదు" అని అన్నం తింటూ చెబుతారు, పెరుగు కలుపుకుంటారు, పడుకుంటారు. ఎంత గెలిచారన్నది నేను చూడను. ఓటమిని ఎన్ని రోజులకి, ఎంత మార్చి చెబుతున్నారో చూస్తాను. కింద రాసినవన్నీ ఒక రకంగా దీని చుట్టూ తిరిగేవే.

మరి చెడటం ఎక్కడ మొదలవుతుంది?

ఎవరూ ఒక్కరోజులో చెడిపోరు. మొదట పోలిక మొదలవుతుంది, నా పని బాగుందా అన్న ప్రశ్న పోయి, వాడి కంటే బాగుందా అన్నది వస్తుంది. తర్వాత ఏ గుంపులో ఉంటే ఆ గుంపుకి నచ్చే మనిషిగా మారిపోవడం. మేనేజర్ ముందు ఒక మాట, కాలేజీ స్నేహితుల ముందు ఇంకో మాట, అత్తారింట్లో మూడో మాట, చివరికి రాత్రి పడుకున్నప్పుడు ఇందులో నాది ఏది అని అడిగితే జవాబుండదు. ఆ తర్వాత గొప్పలు మొదలవుతాయి. మన పెద్దవాళ్ళు "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అన్నది సరిగ్గా ఈ మెట్టుకే. ఇంకా కిందికి వెళ్తే పక్కవాళ్ళ పనిని తనదని చెప్పుకోవడం, అబద్ధం, అబద్ధాన్ని కాపాడుకోవడానికి మనుషుల్ని తొక్కడం, ఎదిగేవాణ్ణి చూసి ఓర్వలేకపోవడం. ఆ చివరి మెట్ల దాకా వెళ్ళేవాళ్ళు తక్కువే. కానీ మధ్య మెట్ల మీద మనలో చాలామందిమి ఏళ్ళ తరబడి ఉంటాం, బయటి నుంచి చూసేవాళ్ళకి అది విజయంలాగే కనిపిస్తుంది, అందుకే ఎవరూ ఆపరు.

నా సంగతి చెబుతాను. ఒక ఏడాది ప్రమోషన్ వస్తుందని ఇంట్లో ముందే చెప్పేశాను, రాలేదు. మా ఆవిడ అడిగితే "ఈసారి ఎవరికీ ఇవ్వలేదు, బడ్జెట్ లేదట" అన్నాను. అది అబద్ధం, మా టీమ్‌లోనే ఇద్దరికి వచ్చింది. మూడు నెలల తర్వాత ఒక గృహప్రవేశంలో ఆ ఇద్దరిలో ఒకరి భార్య ప్రమోషన్ పార్టీ ఫొటోలు చూపించింది. దారిలో కారులో మా ఆవిడ ఒకటే అడిగింది, "రాలేదని చెబితే నేనేమంటాననుకున్నావు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆమె ఏమీ అనదని నాకు తెలుసు. నేను దాచింది ఆమె నుంచి కాదు, ప్రమోషన్ రాని మనిషిని చూడటం నాకే ఇష్టం లేదు.

ఇంత తెలివైనవాళ్ళు అబద్ధాల దాకా ఎందుకు వెళ్తారు?

ఎన్నియాగ్రామ్‌లో మూడో రకానికి చెప్పే ప్రధాన దోషం మోసం. ఇందులో మొదట మోసపోయేది తనే, ఎదుటివాళ్ళ వంతు తర్వాత వస్తుంది.

దీనికి దగ్గరగా ఒక మంచి ప్రయోగం ఉంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు అమెరికాలో ఐదో తరగతి పిల్లలకి కొన్ని పజిళ్ళు ఇచ్చారు. అవి చేశాక కొందరిని "నువ్వు చాలా తెలివైనవాడివి" అనీ, కొందరిని "నువ్వు బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. చివర్లో, నీకెన్ని వచ్చాయో ఇంకో స్కూల్లో పిల్లలకి రాసి చెప్పమన్నారు. తెలివైనవాడివని పొగిడించుకున్న పిల్లల్లో దాదాపు 40 శాతం మంది మార్కులు పెంచి రాశారు. తాము ఎన్నడూ చూడని, చూడబోని పిల్లలకి! కష్టపడ్డావని విన్న గుంపులో అలా రాసినవాళ్ళు చాలా తక్కువ. ఒక్క వాక్యం పొగడ్తకే పదేళ్ళ పిల్లలు ఇంత మారితే, ఇరవై ఏళ్ళు రోజూ అదే మాట వింటూ పెరిగినవాళ్ళ సంగతేంటో మీరే ఆలోచించండి.

పెద్ద స్థాయిలో ఇది ఎలా ఉంటుందో హైదరాబాద్ 2009 జనవరి 7న చూసింది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఆ రోజు బోర్డుకి లేఖ రాసి, లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపించిన లాభానికీ మొదట్లో ఉన్నది చిన్న తేడానే అనీ, అది ఏటేటా పెరుగుతూ పోయిందనీ అందులో రాశారు. పులి మీద స్వారీ చేస్తున్నట్టయింది, అది తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదు అన్నారు. దానికి కొన్ని నెలల ముందే, 2008లో, అదే కంపెనీకి కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2015లో కోర్టు ఆయనకి ఏడేళ్ళ శిక్ష వేసింది, తర్వాత అప్పీలు చేసుకుంటే పై కోర్టు ఆ శిక్షని తాత్కాలికంగా ఆపి బెయిల్ ఇచ్చింది. ఆయన మనసులో ఏముందో మనకి అనవసరం. నేను ఆ లేఖలో పట్టుకున్నది "చిన్న తేడా" అన్న మాటనే. మొదటి ఏడాది ఆ తేడాని బయటికి చెబితే షేరు కొంచెం పడేది, నాలుగు రోజులు పేపర్లో రాసేవాళ్ళు, అంతే. నా ప్రమోషన్ అబద్ధం కూడా చిన్న తేడానే.

టైప్ ఏ పర్సనాలిటీ అంటే ఇదేనా?

పోలికలున్నాయి కానీ ఒకటి కాదు. టైప్ ఏ అన్నది శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్రీడ్‌మన్, రోజన్‌మన్ అనే గుండె డాక్టర్లు 1950ల్లో పెట్టిన పేరు: ఎప్పుడూ తొందర, పోటీ, అసహనం ఉన్నవాళ్ళకి గుండె జబ్బులు ఎక్కువ అని. తర్వాతి పరిశోధనల్లో తేలిందేంటంటే, గుండెకి ముప్పు కష్టపడటం వల్ల కాదు, లోపల రగిలే కోపం, జనం మీద శత్రుభావం వల్ల. పని చేసి అలిసిపోయే మనిషి కంటే, పక్కవాడి కారు చూసి రగిలిపోయే మనిషికే బీపీ గురించి భయపడాలి.

మన తెలుగువాళ్ళలో ఈ పిచ్చి ఎక్కువా?

ఒక భాష మాట్లాడేవాళ్ళందరికీ ఒకే వ్యక్తిత్వం ఉండదు. కానీ మన చుట్టూ వాతావరణం మాత్రం మధ్య మెట్ల మీద ఉన్న అచీవర్‌ని తయారుచేయడానికి కట్టినట్టే ఉంటుంది. రిజల్ట్ వచ్చిన రోజు పేపర్ మొదటి పేజీ నిండా ర్యాంకులు, టీవీలో ఒకటి ఒకటి రెండు రెండు అని అరుపులు, చౌరస్తాలో ఫ్లెక్సీలు. కాలేజీల్లో వీక్లీ టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్ మారుస్తారు, పదహారేళ్ళ పిల్లాడు పరుపు, పుస్తకాలు సర్దుకుని కింది సెక్షన్‌కి వెళ్తుంటే హాస్టల్ మొత్తం చూస్తుంది. తర్వాత ప్యాకేజీ ఎంత, వీసా వచ్చిందా, గ్రీన్ కార్డు ఎంత దాకా వచ్చింది. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు ఉంటుంది, ఆ 60 రోజులూ ఇక్కడ అమ్మానాన్నలతో వీడియో కాల్‌లో "ఆఫీసు బాగానే ఉంది" అని నవ్వుతూ మాట్లాడిన పిల్లలు నాకు తెలుసు. డబ్బు కష్టం కంటే ఆ నవ్వే వాళ్ళని ఎక్కువ అలసగొట్టింది.

అయితే దీనికి పూర్తిగా వేరే వైపు ఉన్న కథ కూడా మన దగ్గరే జరిగింది, అది చాలామందికి తెలియదు. సాధించాలనే తపన మీద జీవితమంతా పనిచేసిన హార్వర్డ్ సైకాలజిస్టు డేవిడ్ మెక్లెల్లండ్ 1964లో తన ఆలోచనని పరీక్షించడానికి ఎంచుకున్న ఊరు కాకినాడ. అక్కడి వ్యాపారుల్లో 52 మందిని హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలవాళ్ళకి శిక్షణనిచ్చే సియెట్ సంస్థకి తీసుకొచ్చి శిక్షణ ఇచ్చారు, ఇప్పుడు యూసఫ్‌గూడలో ఉన్న నిమ్స్‌మే అన్నది అదే. బొమ్మలు చూసి కథలు అల్లడం, లక్ష్యాలు పెట్టుకోవడం, తమ గురించి తాము ఆలోచించుకోవడం నేర్పారు. ఊరికి తిరిగెళ్ళాక వాళ్ళు శిక్షణ తీసుకోని వ్యాపారుల కంటే చురుగ్గా కొత్త పనులు మొదలుపెట్టారు, పెట్టుబడి పెట్టారు. పాతకాలపు ఆచారాలు, నమ్మకాలు అందుకు అడ్డు రాలేదని కూడా తేలింది. ఇందులో నాకు నచ్చింది ఆయన ఆ తపనని నిర్వచించిన తీరు: ఒక మంచి ప్రమాణంతో పోటీ. పక్కవాడితో కాదు. కాకినాడలో నేర్పింది అది, ఫ్లెక్సీ నేర్పేది ఇంకొకటి.

మా అమ్మాయికి 98 వచ్చినా రెండు మార్కుల కోసం ఏడుస్తుంది. ఏం చేయాలి?

ముందు ఆ ఏడుపుని ఆపడానికి "పర్లేదులే, నువ్వు చాలా తెలివైనదానివి" అనకండి, పైన చెప్పిన ప్రయోగం గుర్తుంది కదా. ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి. సాయంత్రం ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో తనే చెబుతుంది, అప్పుడు మార్కు గురించి కాకుండా ఆ లెక్క గురించి మాట్లాడండి.

రెండోది, బంధువులకి ఫోన్ చేసి మార్కులు చెప్పడం మానేయండి. ఇది అన్నిటికంటే కష్టం అని నాకు తెలుసు, నేనూ చేశాను. పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న పిల్లకి మీ గొంతులో ఆ సంతోషం వినిపిస్తుంది, ఈ సంతోషం మళ్ళీ కావాలంటే ఏం తేవాలో లెక్క వేసుకుంటుంది. ఫోన్ చేసి వేరేది చెప్పండి, పిల్ల చేసిన దోసె గుండ్రంగా రాలేదని చెప్పండి, కుక్కపిల్లకి పేరు పెట్టిందని చెప్పండి.

ఇంకా, మీరు ఓడిన సంగతులు పిల్లల ముందు మాట్లాడండి. నాకు ఇంటర్‌లో ఫిజిక్స్ పోయి సప్లిమెంటరీ రాశానని మా పెద్దవాడికి నిరుడు చెప్పాను, వాడు నన్ను అంత ఆసక్తిగా ఎప్పుడూ చూడలేదు.

సెలవు తీసుకుంటే టెన్షన్ వస్తుంది. ఖాళీగా కూర్చోలేను. ఇది మంచిదే కదా?

ఒక ఆదివారం పరీక్షించుకోండి. పని ఇష్టమై కూర్చోలేకపోతున్నారా, కూర్చుంటే ఏదో లోపలి నుంచి పైకి వస్తోంది కాబట్టి లేచిపోతున్నారా? రెండోదైతే మంచిది కాదు.

అచీవర్లు ఒత్తిడి మరీ ఎక్కువైతే తొమ్మిదో రకం వాళ్ళలా మొద్దుబారిపోతారని ఎన్నియాగ్రామ్‌లో అంటారు. బయట అంత చురుగ్గా ఉండే మనిషి ఇంటికొచ్చి సోఫాలో పడి రెండు గంటలు ఫోన్‌లో రీల్స్ తిప్పుతూ, ఏం చూశావంటే చెప్పలేకపోవడం ఇదే. దాన్ని విశ్రాంతి అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని పని వల్ల వచ్చే పరిస్థితిగా వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విరక్తి లేదా దూరం, చేసే పని సరిగ్గా చేయలేకపోతున్నాననే భావం. మొదటిది కనిపించినప్పుడు అచీవర్ కాఫీ తాగుతాడు, రెండోది వస్తే కంపెనీ మారతాడు, మూడోది వచ్చాక గానీ ఆగడు. ఇల్లు, ఆరోగ్యం అప్పటికే చాలా మూల్యం చెల్లించి ఉంటాయి.

మా ఆయన ఇలాంటివాడే. ఏదైనా చెబితే తప్పు పట్టానంటాడు. ఎలా మాట్లాడాలి?

నలుగురి ముందు మాత్రం వద్దు. పిల్లల ముందు, మీ అమ్మగారి ముందు అసలు వద్దు. అలాంటి మనిషికి నలుగురి ముందు జరిగిన చిన్న అవమానం కూడా పదేళ్ళు గుర్తుంటుంది.

"నువ్వెప్పుడూ ఇంతే" అనకుండా, మీకేం కావాలో చెప్పండి. "గురువారం సాయంత్రం నువ్వు నాతో నడవడానికి రావాలి" లాంటిది. అచీవర్లు స్పష్టంగా అడిగితే బాగా చేస్తారు, కాకపోతే దాన్ని కూడా ఒక టార్గెట్‌లా చేసే ప్రమాదం ఉంది, మొదట్లో అలాగే చేయనివ్వండి. ఇంకో మాట, ఆయన ఏమీ సాధించని రోజున ఆయన మీద ప్రేమ చూపించండి. బోనస్ వచ్చిన రోజు పాయసం అందరూ చేస్తారు. ఇదంతా మీరు ఓర్చుకోవాలని చెప్పడం కాదు. ఆయన మిమ్మల్ని, పిల్లల్ని తన పరువుకి అలంకారంలా వాడుకుంటుంటే, ఇంట్లో అరుపులు, బెదిరింపులు ఉంటే, అది వ్యక్తిత్వం గురించిన ముచ్చట కాదు, మీ వైపు నిలబడే పెద్దవాళ్ళకి చెప్పండి.

మా మేనేజర్ నా పనిని తన పేరు మీద చూపించుకుంటున్నాడు. తను అచీవర్ అని సర్దుకుపోవాలా?

అక్కర్లేదు. చేసింది ఈమెయిల్‌లో పెట్టండి, మీటింగ్‌లో మీ పని మీరే చెప్పండి. మనిషి రకం తెలిసినంత మాత్రాన చేసిన అన్యాయం తగ్గిపోదు.

ఈ తపన తగ్గించుకుంటే వెనకబడిపోతానేమో?

నన్ను అందరికంటే ఎక్కువగా వెంటాడిన ప్రశ్న ఇది. ఈ కొరడా లేకపోతే నేను కదలనేమో అని భయం.

మెక్లెల్లండ్ చెప్పే ఒక ఆట ఉంది. ఒక గూటం పాతి, రింగులిచ్చి, ఎంత దూరం నుంచైనా విసరమంటే చాలామంది ఎక్కడో ఒకచోట నిలబడి విసిరేస్తారు. నిజంగా సాధించే తపన ఉన్నవాళ్ళు దూరాన్ని కొలుచుకుని, మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా, కష్టపడితే పడేచోట నిలబడతారు. పరువు గురించి భయపడేవాళ్ళే అటో ఇటో వెళ్తారని నాకనిపిస్తుంది: తప్పకుండా గెలిచే పని, లేదా ఓడినా ఎవరూ తప్పుపట్టలేనంత అసాధ్యమైన పని. అంటే భయం తగ్గితే పని తగ్గదు, సరైన దూరంలో నిలబడటం వస్తుంది.

2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ ఒక వాల్ట్ చేసి, గాల్లో తన శరీరం ఎక్కడుందో తనకే తెలియడం లేదని పక్కకి తప్పుకుంది. ప్రపంచం మొత్తం చూస్తుండగా "నేను చేయలేను" అనడం ఏ అచీవర్‌కైనా మెడలు విరిచే పని. చాలామంది తిట్టారు, పారిపోయిందన్నారు. 2024లో పారిస్‌కి వచ్చి మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచింది. పతకాలు రాకపోయినా ఆ రోజు తప్పుకోవడం సరైనదే, అలాంటి స్థితిలో గాల్లో తిరిగితే మెడ విరిగేది నిజంగానే.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ వారం దాచిన ఒక చిన్న తేడాని పట్టుకుని ఒక్క మనిషికి చెప్పండి. పెద్దది వద్దు. "ఆ రిపోర్టు నేను పూర్తిగా చదవలేదు, చదివానన్నాను" లాంటిది చాలు. చెప్పాక మీ కడుపులో ఏమవుతుందో గమనించండి, నాకైతే మొదటిసారి చేతులు చల్లబడ్డాయి, ఎదుటివాడు మాత్రం "ఓ, సరే" అని టీ తాగాడు.

తర్వాత ఎవరికీ చూపించని పని ఒకటి పెట్టుకోండి. నేను రెండేళ్ళుగా మృదంగం నేర్చుకుంటున్నాను, బాగా రాదు, వీడియో తీయను, స్టేటస్ పెట్టను, పరీక్షలు రాయనని గురువుగారికి ముందే చెప్పాను. మొదటి ఆరు నెలలు ఇంకొకళ్ళకి చూపించాలనే దురద ఎంత గట్టిగా ఉండేదో, అప్పుడే నాకు నా జబ్బు లోతు తెలిసింది. మూడో రకం వాళ్ళు ఎదిగేటప్పుడు ఆరో రకం వాళ్ళ మంచి లక్షణాల వైపు వెళ్తారంటారు, అంటే గుంపులో ఒకరిగా, నమ్మకస్తులుగా, ముందు నిలబడకుండా పనిచేయగలగడం. అపార్ట్‌మెంట్ వినాయక చవితి కమిటీలో మైకు పట్టుకోకుండా కుర్చీలు సర్ది రండి, ఇదెంత కష్టమో తెలుస్తుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైనవేవీ ఇష్టమనిపించకపోయినా, మందు అలవాటు పెరుగుతున్నా, "నేను లేకపోతేనే అందరికీ నయం" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయొద్దు. చివరిది వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అచీవర్లకి ఇక్కడ ఒక ప్రమాదం ఉంది: డాక్టర్ ముందు కూడా బాగున్నట్టే కనిపిస్తారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వుతూ, "కొంచెం స్ట్రెస్ అంతే" అంటారు. వీలైతే ఇంట్లోవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. రిజల్ట్ రోజుల్లో పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త, వాడు మామూలుగానే ఉన్నాడు అనుకుని ఒంటరిగా వదలొద్దు.

మా నాన్నగారు పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిగా మనిషి మనిషిలా లేరు. ఇదీ అదేనా?

అయ్యుండొచ్చు. ముందు డాక్టరుకి చూపించండి, షుగర్, థైరాయిడ్, డిప్రెషన్ ఏదైనా ఉందేమో తెలుసుకోండి. అవేవీ లేకపోతే, ముప్పై ఐదేళ్ళు "సార్" అని పిలిపించుకున్న మనిషికి ఫోన్ మోగకపోవడం ఎంత పెద్ద దెబ్బో ఇంట్లోవాళ్ళం ఊహించలేం.

మా మావయ్యగారు అలాగే అయ్యారు. ఏదో ఒక పదవి ఇప్పిద్దామని కాలనీ అసోసియేషన్‌కి అధ్యక్షుణ్ణి చేశాం, ఇంకా చెడింది, ఆరు నెలల్లో సగం కాలనీతో గొడవ. చివరికి ఆయన్ని కదిలించింది మా అబ్బాయి. వాడికి చదరంగం నేర్పమని అడిగాడు. ఆయన నేర్పారు, నాలుగు నెలల్లో వాడు ఆయన్ని ఓడించడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఓడిన రోజు ఆయన లేచి లోపలికెళ్ళిపోయారు, రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇప్పుడు వాకింగ్‌లో కలిసినవాళ్ళకి ఆయనే చెబుతున్నారు, "నిన్న నా మంత్రిని ఎట్లా కొట్టాడో తెలుసా" అని, పావులు ఎక్కడెక్కడున్నాయో చేతి మీద గీసి చూపిస్తూ.